సర్ సయ్యద్ పాఠశాలకు 150 ఏళ్లు: మనపై మిగిలిన ఋణం

1875 మే 24వ తేదీన అలీగఢ్ పట్టణంలో మద్రసతుల్ ఉలూమ్ అనే పాఠశాల ప్రారంభమైంది. 2025 మే నాటికి దానికి 150 సంవత్సరాలు నిండాయి. 1877లో కళాశాలకు శంకుస్థాపన జరిగి, 1920లో విశ్వవిద్యాలయంగా వికసించిన ఆ విద్యావృక్షానికి బీజం నాటిన మహనీయుడు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్. ఆయనను స్మరించుకోవడం మన విధ్యుక్త ధర్మం. అయితే ఆ స్మరణ ఏ విధంగా ఉండాలన్నదే మా ప్రశ్న.

1817లో ఢిల్లీలో జన్మించిన సర్ సయ్యద్ ఆంగ్లేయుల కొలువులో న్యాయాధికారి. 1857 తిరుగుబాటు అనంతరం ఢిల్లీ నగరానికి, తన కుటుంబానికి కలిగిన వినాశం ఆయనను కలచివేసింది. ఆ దుఃఖంలోనే మునిగిపోక ఆయన మొరాదాబాద్, ఘాజీపూర్‌లలో పాఠశాలలు నెలకొల్పారు. 1864లో సైంటిఫిక్ సొసైటీని స్థాపించి పాశ్చాత్య గ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేశారు. కాఫిరని ఫత్వాలు వెలువడినా చలించలేదు. విద్యానిధి కొరకు జోలె పట్టారు. వేదికనెక్కి ప్రదర్శన ఇవ్వడానికీ సంకోచించలేదు. ఆ కళాశాల ద్వారాలు అన్ని మతాలవారికీ తెరిచే ఉన్నాయి. అక్కడి తొలి పట్టభద్రుడు ఈశ్వరీ ప్రసాద్ అనే హిందూ విద్యార్థి!

మన ప్రాంతానికీ ఆ దీపపు వెలుగు సోకింది. హైదరాబాదు సంస్థానంలో చిరకాలం పనిచేసిన మొహ్సినుల్ ముల్క్ అనంతరం అలీగఢ్ కళాశాల కార్యదర్శి అయ్యారు. సర్ సయ్యద్ మనుమడు రాస్ మసూద్ హైదరాబాదు విద్యాశాఖకు అధిపతిగా ఉండి, ఉర్దూలో ఉన్నత విద్య గరపిన ఉస్మానియా విశ్వవిద్యాలయ నిర్మాణానికి తోడ్పడ్డారు.

ఇంతవరకు చెప్పి ముగిస్తే అది స్తోత్రమవుతుంది. సర్ సయ్యద్ చూపు సోకని మూల ఒకటుంది. ముందు పురుషులు విద్యావంతులైతే స్త్రీల విద్య దానంతట అదే వస్తుందని ఆయన 1882 విద్యా కమిషన్ ఎదుట అభిప్రాయపడ్డారు. ఆ కొరతను తీర్చినవారు పరాయివారు కారు. ఆయన కళాశాలలోనే చదివిన షేక్ అబ్దుల్లా, ఆయన సతీమణి వహీద్ జహాన్ బేగం తీవ్ర వ్యతిరేకత నడుమ 1906లో అలీగఢ్‌లో బాలికల పాఠశాలను తెరిచారు. అదే పెరిగి మహిళా కళాశాల అయింది. ఆ మహిళా కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన నయీమా ఖాతూన్ 2024లో అలీగఢ్ విశ్వవిద్యాలయానికి తొలి మహిళా ఉపాధ్యక్షులయ్యారు. గురువు ఆగినచోటి నుండి శిష్యుడు నడిచాడు. మా దృష్టిలో నిజమైన స్మరణ అదే.

మన సభలలో ఏటేటా సర్ సయ్యద్ చిత్రపటానికి పూలమాల వేస్తున్నాము, ఉపన్యాసాలు వింటున్నాము. కాని ఇంటర్మీడియట్‌తో చదువు ఆగిపోయిన మన ఆడపిల్లల పేర్లు ఏ సభలోనూ వినిపించవు. కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే: ఈ యేడు పూలమాలతోపాటు ప్రవేశాల రిజిష్టరును కూడా తెరవండి. చదువు మానిన ప్రతి బాలిక ఇంటికీ వెళ్లి కారణం విచారించండి. అడ్డు ఫీజైతే నిధి సమకూర్చండి. బస్సు ఛార్జీలైతే అవి భరించండి. పెద్దల భయమైతే వారితో కూర్చుని మాట్లాడండి. విద్యార్థులారా! మీ ఇంట చెల్లెలి పుస్తకాలు మూలపడకుండా చూసే బాధ్యత మీది.

సర్ సయ్యద్ పట్టిన జోలె ఇంకా నిండలేదు. దానిని మన భుజాన వేసుకొనడమే ఆ మహనీయునికి మనం అర్పించగల నివాళి.