ముప్పై డిగ్రీల గీత

మైకేల్ బ్లిస్ 1982లో వెలువరించిన ‘ది డిస్కవరీ ఆఫ్ ఇన్సులిన్’ను బాంటింగ్, బెస్ట్, కాలిప్, మెక్లాయిడ్‌ల కీర్తి తగాదాగా చదివేవారే ఎక్కువ. అంతకంటె విలువైన భాగం 1922 వసంతకాలానిది. జనవరిలో లెనర్డ్ థాంప్సన్ అనే బాలుడికి ఎక్కించిన మందును, కొద్దివారాలకే, తయారుచేసినవారే మళ్ళీ తయారుచేయలేకపోయారు. ఆ ఏడాది చివర ఇండియానాపోలిస్‌లో, ఎలై లిల్లీ సంస్థలోని జార్జ్ వాల్డెన్ ద్రావణపు ఆమ్లత్వాన్ని సవరించి, ప్రోటీన్ అవక్షేపంగా విడివడే బిందువును పట్టుకున్నాకగాని నిలకడగల ఇన్సులిన్ పెద్దయెత్తున రాలేదు.

ఆ నిలకడను నేడు కొలిచే ప్రధాన సాధనాలలో డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరీమీటర్ ఒకటి. నమూనాను నెమ్మదిగా వేడిచేస్తూ, మడతలు విడిపోయేటప్పుడు ప్రోటీన్ పీల్చుకొనే ఉష్ణాన్ని అది నమోదుచేస్తుంది. మోనోక్లోనల్ యాంటీబాడీలలో ఒకే అణువులోని వేర్వేరు భాగాలు వేర్వేరు వేడిమికి విచ్చుకుంటాయి, తరచు 60 డిగ్రీల సెల్సియస్ పైబడి. కాని ఇంట్లో మందు పాడయ్యే తీరు వేరు. 30, 40 డిగ్రీల వద్ద రోజుల తరబడి ఏ కొన్ని అణువులో విచ్చుకొని, ఒకదానికొకటి అతుక్కొని ముద్దకడతాయి. కుదుపు, గాలిబుడగ దానికి తోడు. గడ్డకట్టించినా చేటే. పట్టికలో హుందాగా కనిపించే ఆ ఒక్క అంకెకు అంత గౌరవం అనవసరం.

అమెరికాలో చాలా ఇన్సులిన్‌ల పెట్టెలపై ఉండే ఆదేశం: తెరవనిది ఫ్రిజ్‌లో, వాడుకలోనిది 30 డిగ్రీలు మించకుండా 28 రోజులు. మించితే? ఫీనిక్స్‌లో వేసవి మధ్యాహ్నం గుమ్మం ముందు దింపివెళ్ళిన పెట్టె సంగతి, మేలో విజయవాడ వెళ్ళే పెద్దవారి సంచిలోని పెన్నుల సంగతి ఆ గీత చెప్పదు. ఒకరు భయపడి ఖరీదైన మందును పారేస్తారు; ఇంకొకరు చచ్చిన మందునే పొడుచుకొని, చక్కెర పెరిగిందని తిండిని తిట్టుకుంటారు.

సమాధానాలు లేకపోలేదు. కెన్యాలోని దగహలె శరణార్థి శిబిరపు వేడిని అనుకరిస్తూ, 25–37 డిగ్రీల మధ్య నాలుగు వారాలు ఉంచిన ఇన్సులిన్‌లు శక్తి కోల్పోలేదని 2021లో జెనీవా విశ్వవిద్యాలయం, ఎంఎస్ఎఫ్ పరిశోధకులు చూపారు. తెరవని మానవ ఇన్సులిన్ 37 డిగ్రీల వరకు రెండు నెలలు నిలుస్తుందని 2023 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. తమ ప్రతి మందుకూ ఇటువంటి పరీక్షలు చేసుకునే సంస్థలు 35 వద్ద ఎన్నాళ్ళో, 40 వద్ద ఎన్ని గంటలో కరపత్రంలో అచ్చువేయవలసిందే. మసకబారిందేమో చూసుకోమనడం చాలదు. స్వచ్ఛంగా కనిపిస్తూనే శక్తి తగ్గవచ్చు. ఎన్‌పీహెచ్ రకమైతే మొదటినుంచీ తెల్లగానే ఉంటుంది.