నీడా పండించాలి

గోస్తని మీది తాటిపూడి జలాశయం విశాఖ దాహమూ తీరుస్తుంది. గట్టు దాటితే గంట్యాడ మెట్ట పొలాలు వానకోసం ఆకాశంకేసి చూస్తుంటాయి. విశాఖ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రం 2021లో తన జలాశయంపై 25 మెగావాట్ల సౌర పలకలు తేలగట్టింది. ఆ నీడన నీరు తక్కువ ఆవిరవుతుంది. నీటి చల్లదనానికి పలకలూ మెరుగ్గా పనిచేస్తాయి. మన జలాశయాలపై ఈ పని ఎందుకు కాకూడదు?

పొలంలోనూ అంతే. బీరపందిరి కింద కొత్తిమీర చల్లే రైతుకు నీడ విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. మనిషెత్తు దాటిన స్తంభాలపై పలకలు పరిస్తే కింద ఆకుకూరలు పండుతాయి, మోటారు పగలే తిరుగుతుంది, డ్రిప్ చుక్క వేరు దగ్గరే పడుతుంది. పలకలు కడిగిన నీళ్లూ మడిలోకే జారతాయి.

ఒక్కటే భయం: కరెంటుకు ఖర్చు లేకపోతే బోరు ఆగదు, భూగర్భజలం అడుగంటుతుంది. అందుకే మిగులు కరెంటును రైతు దగ్గర కొనాలి. 2019 నాటి పీఎం కుసుమ్ పథకంలో ఆ వీలుంది. యూనిట్‌కింత అని డబ్బు చేతికొస్తే రైతే మోటారు కట్టేస్తాడు. గంట్యాడ, గజపతినగరం మెట్టల్లో పది పొలాలతోనైనా వచ్చే ఖరీఫ్‌కు మొదలుపెట్టాలి.