పరీక్ష చేసిన పూటే సూదిమందు

విశాఖ నౌకాశ్రయం 1933లో మొదలయ్యే నాటికే సిఫిలిస్ రేవుల జబ్బన్న ముద్ర ప్రపంచమంతా పడిపోయింది. నావికులకు ఏ రేవులోనైనా ఉచిత వైద్యం అందించాలని 1924లో బ్రసెల్స్‌లో కొన్ని దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. అది మంచి పని. అంతకు ముందు, మన దేశంలో 1868లో తెచ్చిన చట్టం పడుపువృత్తిలోని స్త్రీలను బలవంతపు పరీక్షలకు గురిచేసింది, మగవాళ్ల ఊసెత్తలేదు. 1888లో చట్టం రద్దయింది కానీ ఆ చూపు పోలేదు. ఓడ దిగినవాడికో లారీ డ్రైవరుకో వలసకూలీకో తప్ప మనకెందుకు సిఫిలిస్ రక్తపరీక్ష అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ పరీక్ష అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్నది గర్భిణికి.

పరీక్ష పుట్టుకలోనే దీనికి సాక్ష్యం ఉంది. 1906లో బెర్లిన్‌లో ఈ పరీక్షను రూపొందిస్తూ వాసర్‌మన్ బృందం వాడిన పదార్థం ఈ జబ్బుతో చనిపోయిన శిశువుల కాలేయం నుంచి తీసినదే. ఆరోగ్యమైన ఎద్దు గుండె నుంచి తీసిన సారంతోనూ పరీక్ష పనిచేస్తుందని తరువాత తేలింది. అంటే అది చూపుతున్నది నేరుగా క్రిమిని కాదు, ఒక కొవ్వు పదార్థానికి ఎదురుగా రక్తంలో పుట్టే ప్రతిరక్షకాలను. 1941లో మేరీ పాంగ్‌బోర్న్ ఆ పదార్థాన్ని, కార్డియోలిపిన్‌ను, శుద్ధిచేశారు. దాని ఆధారంగానే 1946లో వీడీఆర్ఎల్ పరీక్ష వచ్చింది. మలేరియా, కుష్ఠు ఉన్నా, ఒక్కోసారి గర్భం వల్ల కూడా ఇది పాజిటివ్ చూపొచ్చు. అలాంటి పరీక్షను నమ్మి కాపురంలో చిచ్చు పెట్టుకోవాలా అని అడిగేవారి భయం నిరాధారం కాదు. అందుకే ఆ క్రిమికే ఎదురుగా పుట్టే ప్రతిరక్షకాలను గుర్తుపట్టే మరో రకం పరీక్షతో సరిచూస్తారు. అయితే అది జబ్బు నయమయ్యాక కూడా చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. పాత జబ్బుకూ కొత్త జబ్బుకూ తేడా తేల్చాలంటే రెండూ కావాలి. ఈ సంగతి గర్భిణికి విడమరిచి చెప్పాలి, నలుగురిలో కాదు, చాటుగా.

రెండో పరీక్ష ఫలితం వచ్చాకే సూదిమందుకు రమ్మంటే నష్టమేమిటనీ అడగొచ్చు. కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి మళ్లీ రాకపోతే ఆ పరీక్ష వృథా. కొత్తగా సోకిన జబ్బుకు వైద్యం అందకపోతే సగానికి పైగా గర్భాల్లో బిడ్డ చనిపోవడమో, నెలలు నిండకుండా పుట్టడమో, జబ్బుతో పుట్టడమో జరుగుతుంది. ఈ దశలో తల్లికి కావలసింది 24 లక్షల యూనిట్ల బెంజథైన్ పెనిసిలిన్, ఒకే మోతాదు. జబ్బు పాతదైతే వారానికొకటి చొప్పున మూడు. పెనిసిలిన్ వికటిస్తుందన్న జంకు సహజమే. అది అరుదు. దాన్ని ఎదుర్కొనే మందులు సిద్ధంగా పెట్టుకుని సూది వేయాలి గాని, ఆ భయంతో వైద్యమే ఆపకూడదు. భర్తకు కూడా పరీక్ష, వైద్యం జరగకపోతే ఆమెకు మళ్లీ సోకవచ్చు.

విశాఖ ఘోషాసుపత్రిలోనైనా, ఉక్కునగరం చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాల్లోనైనా, ఏజెన్సీలోనైనా వేలి చుక్క రక్తంతో నిమిషాల్లో తేలే పరీక్ష మొదటిసారి వచ్చిన రోజే జరగాలి, పాజిటివ్ వస్తే ఆ పూటే మొదటి సూది పడాలి. గర్భిణి ఇంట ఉన్న ప్రతి భర్తకూ నా విన్నపం: ఆమెతోపాటు మీరూ వెళ్లి రక్తం ఇవ్వండి.