గాజుపలకలపై దేశచరిత్ర

నడవలో వ్రేలాడు పటమును చూపి “వీరు మా తాతగారు” అని చెప్పని గృహస్థు మన కృష్ణాతీరమున నరుదు. ఆ పటమును తీసినవా రెవరని యడిగినచో మాత్రము సమాధానము దొరకదు. వర్ణచిత్రమున చిత్రకారుని పేరు వెదకు మనము ఛాయాచిత్రమును కేవలము యంత్రము చేసిన పనిగా నెంచుచున్నాము. ఈ యుపేక్షవలన కళాకారునికే కాక దేశచరిత్రకును నష్టము వాటిల్లుచున్నది. రాజా దీనదయాళు చరిత్రము నొకమారు స్మరించిన నీ విషయము విశదము కాగలదు.

1844లో మీరటు సమీపమునగల సర్ధనాలో జన్మించిన దీనదయాళు రూర్కీ కళాశాలలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, ఇండోరులో మరామత్తు శాఖ నుద్యోగియై, 1874 ప్రాంతమున కెమేరా చేపట్టెను. సాంచీ, గ్వాలియరు మొదలగు మధ్యభారత స్థలముల ప్రాచీన కట్టడములను ఆయన తీసిన చిత్రములు 1886లో గ్రంథరూపమున వెలువడెను. పిమ్మట ఆఱవ నిజాము మహబూబు అలీఖాను ఆస్థానమున స్థానమును, ముసవ్విర్‌జంగు బిరుదమును బడసెను. సికింద్రాబాదు, బొంబాయి నగరములలో స్టూడియోలు స్థాపించెను. 1892లో హైదరాబాదున ఘోషాస్త్రీలకై ప్రత్యేక స్టూడియో తెఱచి, దానినొక ఆంగ్లవనిత కప్పగించెను. 1905లో దివంగతుడయ్యెను.

నిజాము వేటలను, రాజప్రతినిధుల వైభవములను చిత్రించిన వానిని జాతీయవాదులు స్మరింప నేలయని కొందఱు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సమంజసమే. ఆయన ప్రభువుల కొలువున నుండెను. వారు కోరినది చిత్రించెను. అయినను, ఆ కెమేరాయే శిథిలాలయముల శిల్పమును, నైజాము రాజ్యమున కఱవు సహాయపు పనులకై చేరిన దీనజనమునుగూడ పలకలపై నిలిపినది. చిత్రము నాజ్ఞాపించినవారి యుద్దేశ మేదైనను, నేడు దానిని చదువు నధికారము మనది. ప్రభువులును, వారి బిరుదములును గతించినను ఆ సాక్ష్యము నిలిచియున్నది.

అది నిలుచుట దైవికము కాదు. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము ఆయన గాజుపలకలు 2,857 సేకరించి భద్రపఱచెను. 2006లో ప్రభుత్వము ఆయన పేర తపాలాబిళ్ళ వెలువరించెను. పలకలే నశించియున్నచో తపాలాబిళ్ళవలన ప్రయోజన మేమి?

ఇక మన సంగతి. 1921లో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనది; పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునకు పతాకమును చూపినది అప్పుడే. 1957లో ప్రకాశం బ్యారేజి వెలసినది. 1977 నవంబరు 19న దివిసీమ నుప్పెన ముంచినది. ఈ కాలములలో మన పట్టణములందలి ఛాయాగ్రాహకులు తీసిన పలకలు, ఫిల్ములు ఎచ్చట నున్నవి? ఏ యటకమీద, ఏ చెదపట్టిన పెట్టెలో నున్నవి? గాజుపలకపై చిత్రమును నిలుపునది పలుచని జిగురుపొర. మన డెల్టా తేమకు అది బూజుపట్టి పొరలుగా నూడిపోవును. ఒక వర్షర్తువు చాలును, ఒక తరము ముఖములు మాసిపోవుటకు.

కావున మా సూచన యిది. విజయవాడ బాపు మ్యూజియములో ఛాయాచిత్రములకు తేమ సోకని గది యొకటి ప్రత్యేకింపవలయును. పాత స్టూడియోల వారసులు, భూస్వాములు తమయొద్దనున్న పలకలను అచ్చటి కీయవలయును. ఈయ నిష్టము లేనివారు నకళ్ళు తీసికొననీయవలయును. ప్రతి చిత్రము క్రింద స్థలము, సంవత్సరము, తీసినవాని పేరు వ్రాయవలయును. నేటి కళాఛాయాగ్రాహకుల చిత్రములను గూడ మూల్యమిచ్చి కొని యచ్చట నుంచవలయును. వారి కృతులు ఫోనులలో పుట్టి ఫోనులలోనే నశించుచున్నచో, గాజుపలకలకు పట్టిన గతియే వానికిని పట్టును.

ప్రభుత్వము కదలువఱకు మనము వేచియుండ నక్కఱలేదు. నేడే అటకమీది పెట్టెను దింపి చూడుడు. తాతగారి పేరుతోపాటు ఆ పటము తీసినవాని పేరునుగూడ, తెలిసిన పెద్దలు జీవించియుండగనే, దాని వెనుక వ్రాసియుంచుడు.