తువ్వాలు వేసి ఆపిన మాటలు

పిల్లలూ! ఒక కుర్రవాడికి ‘ఆగు’ అని పేరు పెట్టారనుకోండి. డ్రిల్లు మేష్టారు నడక మధ్యలో “ఆగు!” అన్నారు. అందరూ ఆగాలా? లేక ఆ కుర్రవాణ్ణి పిలిచారా? చిక్కే గదా!

కంప్యూటరుకు పనులు చెప్పే భాషలకు కూడా యీ చిక్కు వున్నది. అటువంటి భాషల్లో జావాస్క్రిప్ట్ ఒకటి. దీన్ని 1995లో బ్రెండన్ ఐక్ అనే అమెరికా దేశస్థుడు తయారుచేశాడు. ఇంటర్నెట్ పేజీలో మీట నొక్కితే బొమ్మ కదిలేటట్టు చెయ్యటం యీ భాష పనే. ఇందులో ‘ఇఫ్’ అంటే, ఫలానా సంగతి నిజమైతేనే పని చెయ్యమని. ‘ఫర్’ అంటే, మళ్ళీ మళ్ళీ చెయ్యమని. ఇవి ఆజ్ఞలు గనక, మనం దాచుకునే అంకెలకు యీ పేర్లు పెట్టరాదు. పెడితే కంప్యూటరు తప్పున్నదని చెప్పి ఆగిపోతుంది. వీటిని రిజర్వు మాటలంటారు.

వింత ఏమిటంటే, అప్పటికి ఏ పనీ లేని మాటలు కూడా కొన్ని రిజర్వు అయాయి! రైల్లో రాబోయేవాడి కోసం తువ్వాలు వేసి సీటు ఆపినట్టు, ‘క్లాస్’ అనే మాటను ఎక్మా సంస్థవారు 1997 నాటి నియమాలలోనే అట్టేపెట్టారు. అది వచ్చి కూర్చున్నది 2015లో! ‘ఈనమ్’ అనే మాట యిప్పటికీ రాలేదు. దాని తువ్వాలు అలాగే వున్నది.

ఇందువల్ల ఒక యిబ్బంది కలిగింది. పేజీలోని భాగాలకు ‘క్లాస్’ అనే గుర్తు వుంటుంది. ఇటువంటి భాషల్లో ఆ మాట వాడరాదు గనక, 1998లో దానికి ‘క్లాస్‌నేమ్’ అని మారుపేరు పెట్టారు.

2009లో నియమం కొంత సడలించారు. శుభలేఖలో ‘చి.’ తరువాత వచ్చేది పేరే గదా? ‘చి. ఆగు’ అని చదివి ఎవరూ ఆగిపోరు! జావాస్క్రిప్ట్‌లో కూడా వస్తువు పేరు రాసి, చుక్క పెట్టి, ఆ పైన దాని గుణం పేరు రాస్తారు. చుక్క తరువాత వచ్చేది పేరే గనక, అక్కడ రిజర్వు మాట వున్నా ఫరవాలేదన్నారు.

అయినా ‘క్లాస్‌నేమ్’ పోలేదు. అప్పటికే లెక్కలేనన్ని పేజీలలో ఆ పేరు రాసి వున్నది. దాన్ని తీసేస్తే ఆ పేజీలన్నీ చెడిపోతాయి. అందుచేత పేరు పెట్టే ముందే బాగా ఆలోచించాలి.

మీరు జావాస్క్రిప్ట్ నేర్చుకునేటప్పుడు మీ తరగతి అంకెను దాచటానికి ‘క్లాస్’ అని పేరు పెడితే తప్పు వస్తుంది. తెలుగు అక్షరాలతో ‘తరగతి’ అని పెట్టి చూడండి. ఆ భాష దాన్ని యిట్టే ఒప్పుకుంటుంది!