దింపుకి బ్రాకెట్లెందుకు?

కోనసీమ కథలో 'దింపు' కనిపిస్తే చాలు, పక్కనే బ్రాకెట్లో 'కొబ్బరికాయల కోత' అని తగిలించడం మన ప్రచురణకర్తలకు అలవాటైపోయింది. పాఠకుడికి సాయం చేస్తున్నామని వాళ్ల నమ్మకం. అసలు ఆ అర్థమే తప్పు. కోత వరికి, కోశాక చేను ఖాళీ. కొబ్బరిచెట్టు సుమారుగా నెలకో గెల వేస్తుంది, కాయ ముదరడానికి 11, 12 నెలలు పడుతుంది. అందుకే ఒకే చెట్టు మీద పిందె నుంచి ముదురు కాయ దాకా అన్ని వయసులూ ఉంటాయి. ఎక్కినవాడు ముదురు గెల పోల్చుకుని, దాన్నే నరికి, లేతవాటి జోలికి పోకుండా రావాలి. దింపు అయ్యాక కూడా చెట్టు నిండుగానే ఉంటుంది. కాయ తనంతట పడితే రాలినట్టు. మనిషి చెయ్యి పడితేనే దింపినట్టు. ఇంత తేడాని 'కోత' మింగేస్తోంది.

పోనీ, నిన్న మొన్న పుట్టిన మాటా అంటే అదీ కాదు. తమిళ కన్నడాల్లో దిగడం 'ఇళి'. 'ఇరండు' మనకు 'రెండు' అయినట్టే, ఇక్కడా మొదటి అచ్చు జారి, హల్లు ముందుకొచ్చి 'డిగు', ఆపైన 'దిగు' అయింది. కావ్యాల్లోని డిగ్గు, డించు ఈ కుదురువే. తాను దిగితే దిగు, మరొకదాన్ని దిగేలా చేస్తే దించు, దింపు. స్పానిష్‌లో మెట్లు దిగడానికీ పెట్టె దించడానికీ 'బహార్' ఒక్కటే క్రియ. పొట్టి అనే అర్థమున్న లాటిన్ 'బస్సుస్' దాని మూలం. ఎవరు దిగారో, ఎవరు దింపారో వాక్యాన్ని బట్టి పోల్చుకోవాలి. మనకు క్రియలోనే చెయ్యి కనిపిస్తుంది. ఇలాంటి క్రియలతోనే కోనసీమ దింపు కార్మికులనీ, ఒలుపు కార్మికులనీ వృత్తులకు పేర్లు పెట్టుకుంది. 'దింపుడుకళ్లం ఆశ' అన్నప్పుడు బ్రాకెట్ అడగని పాఠకుడికి, కొబ్బరితోటలోకి రాగానే అదే దింపు అర్థం కాకుండా పోతుందా?

రాజోలు మాట ఆదిలాబాద్‌లో తెలియాలని లేదుగా అంటారు. నిజమే, కాని తెలియని మాటను తెలియజెప్పడానికే కదా కథలో సందర్భం ఉండేది! భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ వృత్తిపదకోశం 1962లోనే వెలువడింది. రైతు నోటి మాటకు అంతకాలం క్రితమే నిఘంటువులో పీట వేశారు. మనం మాత్రం దాన్ని ఇంకా గుమ్మం బయటే నిలబెడుతున్నాం. చెట్టెక్కే మనిషి కరువయ్యాడని వ్యాసాలు వేస్తూనే, అతని పనికున్న పేరును సంజాయిషీ లేకుండా అచ్చు వెయ్యలేకపోతున్నాం. ఈ పత్రికలో ఇక దింపు అంటే దింపే. బ్రాకెట్లు ఉండవు.