దిద్దుబాటా? దాపరికమా?

ఛాయాచిత్రకళను వినోదముగా అభ్యసించువారిలో నేడొక వింత పద్ధతి కానవచ్చుచున్నది. జేబులోని ఫోనుతో క్షణములో పది చిత్రములు తీయగలిగియు, కొందరు పాత కెమెరా సంపాదించి, ఫిలిము రోలు ఎక్కించి, ఒక్కొక్క చిత్రమునే ఆచితూచి తీయుచున్నారు. ఆ ఫిలిమును కడిగించి, స్కానరుద్వారా కంప్యూటరులోని కెక్కించి, అచ్చట దిద్దుచున్నారు. ఇది చూచి పెద్దలు కొందరు నవ్వుదురు. తుదకు కంప్యూటరునే ఆశ్రయింపవలసినపుడు ఫిలిమేల? ఫిలిముపై అంత భక్తియే యున్నచో దానిని దిద్దనేల? అని వారి ఆక్షేపణ.

ఈ ఆక్షేపణ పైకి సబబుగనే తోచును. కాని చరిత్ర యెదుట నిలువదు. దిద్దుట కంప్యూటరుతో పుట్టినది కాదు. 1857లోనే ఇంగ్లండులో ఆస్కార్ రేలాండర్ ముప్పది నెగటివులకు పైగా కూర్చి ఒకే చిత్రమును రూపొందించెను. అమెరికా ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామముపై చంద్రోదయమును ఒక్క నెగటివులో పట్టెను. తరువాత దశాబ్దముల తరబడి దానినుండి ప్రింట్లు తీయుచు, ఆకాశమును మరింత నల్లబరచుచు వచ్చెను. చీకటిగదిలో చేయి యడ్డుపెట్టి వెలుతురు నాపినచోట ప్రింటు తెల్లబారును. ఎక్కువసేపు పడనిచ్చినచోట నల్లబారును. నేడు తెరమీద జరుగునది చాలవరకు ఆ పనియే.

ఇక ఫిలిమేల యను ప్రశ్న. సాధారణముగా రోలుకు 36 చిత్రములే. తీసినది వెంటనే కనబడదు. మీట నొక్కుట విడిచిన బాణము వంటిది. కాబట్టి నొక్కుటకు ముందే కన్ను పని చేయవలెను. తరువాత తెరముందు కూర్చుండి దిద్దునపుడు, తాను చూచినదేమి, చూడక విడిచినదేమి అని తనను తానే పరీక్షించుకొనవలెను. ఫిలిము చూచుట నేర్పును. దిద్దుబాటు చూచినదానిని తూచుట నేర్పును. ఈ రెండును విద్యార్థికి కావలసినవే.

అయినను ఇందొక ప్రమాదము కలదు. 1937లో మాస్కో కాలువ యొడ్డున స్టాలిన్ ప్రక్కన రహస్య పోలీసుల అధిపతి యెజోవ్ నిలిచియుండగా ఒక చిత్రము తీయబడినది. 1940లో యెజోవ్‌కు మరణశిక్ష అమలు జరిగినది. ఆ చిత్రమునుండియు అతడు మాయమయ్యెను. అతడు నిలిచినచోట నీరు మాత్రమే మిగిలినది. ఆనాడు కంప్యూటరు లేదు. దిద్దని చిత్రము మిగిలియుండుటచేతనే ఆ మోసము లోకమునకు తెలిసినది.

అంత దూరము పోనక్కరలేదు. ఒక పాఠశాలలో వార్షికోత్సవమునాడు గ్రూపు ఫోటో తీసిరనుకొందము. వరుస చివర బంట్రోతు నిలిచియున్నాడు. అతనిని తీసివేసినచో చిత్రము పొందికగా నుండునని యెవరో సూచింతురు. పని రెండు నిమిషములది. కాని ముప్పదియేండ్లు బడిగంట కొట్టిన మనిషి ఆ బడి చరిత్రనుండియే తొలగిపోవును. రేపు అతని మనుమడు ఆ చిత్రములో తాతను వెదకికొన్న, ఏమని చెప్పగలము? ఫిలిముపై పడిన దుమ్మును తుడుచుటకును, మనిషిని తుడుచుటకును సాధనమొక్కటే కావచ్చును. ఆ రెండు పనులు మాత్రము ఒకటి కావు.

ఇచ్చటనే ఫిలిము విలువ తెలియును. తెరమీద ఎంత దిద్దినను నెగటివు మారదు. అది మూగసాక్షివలె నిలిచియుండును. ఆరవ నిజాము కొలువులో ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళ్ 1905లో మరణించెను. అయినను ఆయన గాజుపలకల నెగటివులు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రములో నేటికిని ఉన్నవి. నాటి మనుష్యులను, కట్టడములను ఇప్పుడును సరిచూచుకొనుటకు అవి ఆధారములు.

కావున ఈ వినోదమును నిరసింప బనిలేదు. దానికి నియమము నేర్పిన చాలును. వెలుతురును సవరింపవచ్చును, గీతలను మాపవచ్చును. ఉన్నవారిని తీసివేసినను, లేనివారిని చేర్చినను ఆ మాట చిత్రము క్రిందనే వ్రాయవలెను. నెగటివును స్థలము, తేదీ వ్రాసిన కవరులో భద్రపరుపవలెను. దిద్దినవాడు అడిగినవారికి అసలును చూపగలిగినంతవరకే అది దిద్దుబాటు. చూపుటకు జంకిననాడు అది దాపరికమే.